ఏ ఊరు మీది?

ముక్కూమొహం తెలియని మనిషితో మాట కలపడం నగరంలో గంటగంటకూ జరిగే పని. బస్టాండు బల్ల మీద, టీ కొట్టు ముందు, ఆసుపత్రి వరండాలో, మార్కెట్ యార్డులో, పొద్దున్నే కూలీల అడ్డా మీద ఇద్దరు మనుషులు పక్కపక్కన చేరతారు. ఒకరి పేరు ఒకరికి తెలియదు. ఎవరో ఒకరు ముందు నోరు విప్పుతారు. పది నిమిషాలో రెండు గంటలో మాట్లాడుకుని ఎవరి దారిన వాళ్లు పోతారు. మళ్లీ కలిసేది ఉండదు. అయినా ఆ కాస్త మాటల్లో చెవిన పడ్డ సంగతి కొన్నిసార్లు ఏళ్ల తరబడి పనికొస్తుంది. పశ్చిమ ప్రకాశం మనుషుల రాకపోకల్ని చూస్తే ఆ తెలివిడి ఎలా పుడుతుందో, ఎలా చేతులు మారుతుందో, ఎంతవరకు నమ్మవచ్చో బాగా తెలుస్తుంది.

అక్కడి పుల్లలచెరువు లాంటి ఊళ్లో ‘కొత్తమనిషి’ అనే మాటకు ఆయుష్షు తక్కువ. బస్సు దిగినవాడు నాలుగు ఇళ్లు దాటేలోపే ఫలానా వాళ్ల అల్లుడని, ఎరువుల కొట్టు మనిషని, బోరు లారీ వాడని తేలిపోతుంది. ఊరివాళ్ల మధ్య మాట మొదలయ్యేటప్పటికే ఒకరి గురించి ఒకరికి అంతా తెలుసు. ఎవరికి ఎంత అప్పుందో, ఎవరి బోరు ఎండిందో, ఎవరి కొడుకు చదువు మానేశాడో కొత్తగా చెప్పే పని లేదు. తెలిసినవాళ్ల మధ్య ఆదరణ ఉంటుంది, ఆసరా ఉంటుంది. కొత్త కబురు మాత్రం తక్కువ. ఒకే చేలగట్టు మీద తిరిగేవాళ్లకు తెలిసిన సంగతులు దాదాపు ఒకటే. కొత్త సంగతి కావాలంటే కొత్తమనిషి తగలాలి.

ఈ ప్రాంతానికి కొత్తమనుషులు మొదట తమంతట తామే వచ్చారు. పుల్లలచెరువు పక్క మండలంలోని త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు ద్వారం. దోర్నాల మీదుగా నల్లమల ఎక్కే దారి పాతది. శివరాత్రికి నడిచిపోయే యాత్రికులు దారిపొడుగునా చెట్ల కింద దిగి వండుకుని తిని, పడుకుని, ఉన్నంతసేపు మాట్లాడి పోయేవారు. తెలుగునాట సత్రం అరుగు చాలాకాలం పత్రిక చేసే పనీ చేసింది. వానలు ఎక్కడ పడ్డాయి, ధాన్యం ఏ ధర పలుకుతోంది, ఏ కనుమ దగ్గర దొంగల భయం ఉంది అన్నవి అక్కడే తెలిసేవి. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయలుదేరి కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు మీదుగా కాశీకి వెళ్లి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ పని చేసిన మనిషి కాబట్టి అడగడం, విన్నది సరిచూడడం ఆయనకు వృత్తిలో భాగం. దారిలో ఏ ఊళ్లో ఏ సరుకు దొరుకుతుందో, ఏ దారి బళ్లకు పనికిరాదో, మనుషుల నడవడి ఎలాంటిదో స్నేహితుడికి ఉత్తరాలుగా రాశాడు. కాశీయాత్ర చరిత్ర ఆ ఉత్తరాల కూర్పే. అందులో ఉన్న తెలివిడిలో చాలా భాగం దారిన తగిలినవాళ్ల నోటి నుంచి వచ్చినదే అయి ఉండాలి.

ఇప్పుడు రాకపోకల దిక్కు మారింది. ఊళ్లవాళ్లే నగరానికి పోతున్నారు. పుల్లలచెరువుకు ఒకవైపు నల్లమల, మరోవైపు పల్నాడు. ఊరికి రైలు లేదు. గుంటూరు–గుంతకల్లు లైను మీద రైలెక్కాలంటే వినుకొండకో మార్కాపురం రోడ్డుకో చేరాలి. నమ్ముకున్నది వానను, బోరును. శ్రీశైలం జలాశయం నుంచి కొండల కింద సొరంగాలు తొలిచి నీళ్లు తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు మాట ఒక తరం చిన్నతనం నుంచీ వింటూనే ఉంది. కందీ పత్తీ మిర్చీ పండినా సరుకు అమ్ముడుపోయేది బయటే. పండని ఏడు పని దొరికేదీ బయటే. అందుకే ఇక్కడి మనిషికి నగరం అంటే ముఖ్యంగా మూడు చోట్లు. గుంటూరు మిర్చి యార్డు, హైదరాబాదు అడ్డా, పెద్దాసుపత్రి. ముచ్చటపడి వెళ్లే చోట్లు కావు ఇవి. అవసరం తరిమితే వెళ్లేవి. మాట విలువ తెలిసేది కూడా అక్కడే.

మాట ఎలా మొదలవుతుందన్నది చిన్న విషయం కాదు. తెలుగువాళ్లకు అపరిచితుణ్ని పిలవడానికి పేరు అక్కర్లేదు, వరస చాలు. ఈడువాడైతే ‘అన్నా’, కాస్త పెద్దవాడైతే ‘బాబాయ్’, ఇంకా పెద్దవాడైతే ‘పెద్దాయనా’, ఆడమనిషైతే ‘అక్కా’, ‘అమ్మా’. హైదరాబాదు చేరేసరికి ‘భయ్యా’, ‘కాకా’ కలుస్తాయి. వరస కలిపిన క్షణాన ఎదుటి మనిషి మీద చిన్న బాధ్యత పడుతుంది. ‘అన్నా’ అన్నవాడికి తప్పు దారి చెప్పడానికి మనసొప్పదు. చెప్పేవాళ్లూ లేకపోలేదు, ఆ సంగతి తర్వాత. వరస తర్వాత వచ్చే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. ఏ ఊరు మీది?

పుల్లలచెరువు అంటే గుంటూరులో కొందరికి తెలుసు, హైదరాబాదులో చాలామందికి తెలియదు. అప్పుడు చెప్పే మనిషి ఒక మెట్టు పైకెక్కి ఎర్రగొండపాలెం దగ్గర అంటాడు. అదీ తెలియకపోతే మార్కాపురం దగ్గర అంటాడు. నలభై దాటినవాడైతే అక్కడ ముఖం విప్పారుతుంది. పలకల మార్కాపురమా! అ ఆలు దిద్దిన నల్లపలక ఆ చుట్టుపక్కల గనుల నుంచి వచ్చిందేనని చాలామందికి గుర్తు. గిద్దలూరు వైపు మనిషికి కంభం చెరువు ఇలాగే అక్కరకొస్తుంది. ఊరిపేరు అలా తలుపు గడియ తీస్తుంది. లోపలికి వచ్చాక అసలు మాట.

గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోనే అతిపెద్ద మిర్చి మార్కెట్టుగా పేరుపడింది. సీజన్లో పల్నాడు, ప్రకాశం, కర్నూలు, నంద్యాల వైపు నుంచి సరుకు రాత్రిళ్లు లారీల మీద దిగుతుంది. మిర్చి బస్తాను అక్కడ టిక్కీ అంటారు. సరుకు దించినవాడు తెల్లారి బేరం తెగేదాకా దాన్ని వదిలి పోలేడు. టిక్కీల పక్కనే తువ్వాలు పరుచుకుంటాడు. గాల్లో ఘాటు. కొత్తగా వచ్చినవాడికి తుమ్ములు ఆగవు, అలవాటైనవాడికి కళ్లు మాత్రం మండుతుంటాయి. పక్క రాశి నంద్యాల వైపు రైతుది. ఇలాంటి రాత్రి ఇద్దరి మధ్య నడిచే మాట ఈ తీరున ఉంటుంది.

“ఏ ఊరన్నా మీది?”

“పుల్లలచెరువు. ఎర్రగొండపాలెం దగ్గర.”

“ఎన్ని టిక్కీలు?”

“నలభై. తేజ రకం.”

“తాలు ఏరారా?”

“మా ఇంటామె కల్లంలోనే ఏరింది.”

నంద్యాల రైతు అడక్కుండానే టిక్కీ మూతి సందులోంచి ఒక కాయ లాగుతాడు. చెవి దగ్గర పెట్టి ఊపుతాడు. గింజలు గలగలమంటే కాయ ఆరినట్టు, చప్పుడు లేకపోతే లోపల ఇంకా చెమ్మ ఉన్నట్టు. తర్వాత తొడిమ విరిచి, చీల్చి, లోపలి రంగు చూస్తాడు. రెండు పగళ్లు ఎండితే బాగుండేది అంటాడు. ఇంటి దగ్గర అదే మాట తోడల్లుడు అంటే గొడవయ్యేది. ఇక్కడ కాదు. చెప్పినవాడికి ఇందులో లాభం లేదు, విన్నవాడికి చిన్నతనం లేదు. వచ్చే ఏడు తన కల్లంలో పుల్లలచెరువు రైతు కూడా కాయను చెవి దగ్గర పెట్టి ఊపుతాడు.

ఈ మాటలు పంటతోనే ఆగవు. 2021–22 సీజన్లో నల్ల తామర పురుగు మిర్చిని ఊడ్చేసింది. పూతలో దూరి పువ్వును రాల్చే పురుగు అది, మందు మీద మందు కొట్టినా లొంగలేదు. నీలం రంగు జిగురు అట్టలు పెట్టాలని, చేను చుట్టూ జొన్నో మొక్కజొన్నో వేయాలని శాస్త్రవేత్తలు చెప్పారు. ఆ మాట చాలామంది రైతులకు కరపత్రంలో కనపడినప్పటికంటే, అలా చేసి చూసిన మరో జిల్లా రైతు యార్డులో చెప్పినప్పుడు బాగా పట్టింది. కరపత్రాన్ని ఎదురు ప్రశ్న అడగలేరు. ఎకరాకు ఎన్ని అట్టలు, ఎంత ఖర్చు, ఎన్ని టిక్కీలు మిగిలాయి అని మనిషినైతే నిలేసి అడగవచ్చు.

ధర సంగతి మరీ చిక్కు. మిర్చి ధర ఒక ఏడు ఎక్కి మరో ఏడు కూలుతుంది. 2025లో బాగా పడిపోయినప్పుడు ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్క కట్టింది. ఇలాంటి ఏడు యార్డులో రెండు రకాల సలహాలు వినపడతాయి. కోల్డ్ స్టోరేజీలో పెట్టు, ధర వచ్చినప్పుడు అమ్ముదువు అని ఒకరు. పెట్టి నేను మునిగాను, వచ్చిన కాడికి అమ్మి అప్పు తీర్చుకో అని ఇంకొకరు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, ఎవరి ఏడు వాళ్లది. ఇద్దరినీ విన్న రైతుకు ఏది నిజమో తేలదు కానీ లెక్క వేసే పద్ధతి అబ్బుతుంది. నెలకు అద్దె ఎంత, తెచ్చిన అప్పు మీద వడ్డీ ఎంత, ఆ రెండూ కలిపి ధర ఎంత పెరిగితే గిట్టుబాటు. సలహా ఆ ఏటితో చెల్లిపోతుంది, లెక్క మిగులుతుంది. అపరిచితుల మాటల నుంచి జీవితం నేర్చుకోవడం అంటే సూక్తులు ఏరుకోవడమని చాలామంది అనుకుంటారు. మిర్చి యార్డులో సూక్తులు చెప్పేవాణ్ని ఎవరూ రెండో నిమిషం వినరు.

హైదరాబాదు అడ్డా తీరు వేరు. కూకట్‌పల్లి లాంటి చోట్ల పొద్దున ఆరున్నర, ఏడింటికే రోడ్డు పక్కన కూలీలు గుమిగూడతారు. చేతిలో అన్నం డబ్బా, తాపీ, పార. తొమ్మిదయ్యేసరికి పని దొరికినవాళ్లు వెళ్లిపోతారు. దొరకనివాళ్లు టీ తాగి ఇంకో గంట చూస్తారు. ఆ గంటే బడి. పాలమూరు మనిషి, శ్రీకాకుళం మనిషి, పశ్చిమ ప్రకాశం మనిషి, ఒడిశా కుర్రాడు ఒకే గోడకు ఆనుకుని నిలబడతారు. కొత్తవాడు అక్కడ నేర్చుకునేవి ఇలా ఉంటాయి. రేటు తేలకుండా ఎవరి బండీ ఎక్కకూడదు. చోటు ఎంత దూరమో, సాయంత్రం తిరిగి దించేది ఎవరో ముందే అడగాలి. ఒకరోజు పని అని పిలిచి, రెండో రోజు కూడా వస్తే రెండు రోజుల డబ్బూ కలిపి ఇస్తామంటే, మొదటి రోజుది చేతిలో పడ్డాకే రెండో రోజు పోవాలి. పని చూపించినవాడి ఫోన్ నంబరు ఇంకో ఇద్దరి దగ్గర ఉండాలి. ఇవేవీ ఏ పుస్తకంలోనూ ఉండవు. ఒక్కో మాట వెనకా ఎవరో ఒకరు పోగొట్టుకున్న కూలి ఉంటుంది.

ఇలాంటి కబురు దగ్గరివాళ్ల కన్నా దూరపువాళ్ల నుంచే ఎందుకు వస్తుందో అమెరికా సమాజ శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ఒక వ్యాసంలో విడమరిచాడు. పరిచయాల ద్వారా కొత్త ఉద్యోగం దొరికినవాళ్లను ఆయన ఒక ప్రశ్న అడిగాడు. కబురు చెప్పిన మనిషిని అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారు? తరచూ అన్నవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నవాళ్లు 55.6 శాతం. ఎప్పుడో ఒకసారి అన్నవాళ్లు 27.8 శాతం. ఆయన అడిగింది బోస్టన్ దగ్గరి న్యూటన్‌లో చదువుకున్న ఉద్యోగులను. అడ్డా కూలీని ఆయన ఊహించి ఉండడు. కారణం మాత్రం రెండుచోట్లా ఒకటే. దగ్గరివాడు మనం తిరిగే చోటే తిరుగుతాడు, మనకు తెలిసిందే అతనికీ తెలుస్తుంది. దూరపువాడు వేరే గుంపులోంచి వస్తాడు, వేరే కబురు మోసుకొస్తాడు.

ప్రభుత్వం ఇచ్చే హక్కులు కూడా ఈ దారినే ఊళ్లకు చేరడం చూడవచ్చు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం ఒక వీలు కల్పించింది. 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, గడిచిన ఏడాదిలో కనీసం 90 రోజులు ఆ పని చేసినవాళ్లు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. అడ్డా మీద దాని పేరు లేబర్ కార్డు. అలాగే 2019 ఆగస్టు 9న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మధ్య రేషన్ కార్డు చెల్లుబాటు మొదలైంది. ఇక్కడి కార్డుతో అక్కడి డిపోలో బియ్యం తీసుకోవచ్చు. ఉత్తర్వులు ఒకరోజులో వెలువడతాయి. మొన్న మా కార్డు మీద బోరబండలో బియ్యం ఇచ్చారు, వేలిముద్ర వేస్తే చాలు అని గోడకు ఆనుకున్న మనిషి చెప్పినప్పుడే కూలీకి నమ్మకం కుదురుతుంది.

మూడో చోటు ఆసుపత్రి. గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రికి చుట్టుపక్కల జిల్లాల నుంచి రోగులు వస్తారు. రోగి వెంట వచ్చినవాళ్ల కాపురం వరండాల్లో, చెట్ల కింద. పగలంతా చేసేది ఎదురుచూడడమే. అక్కడ పరిచయాలు ఊరితో కాదు, జబ్బుతో మొదలవుతాయి. ఏమైందమ్మా? మా ఆయనకు కిడ్నీ. మా అత్తకు కాలు. ఇరవై రోజులుగా ఉన్నామె ఆ పొద్దున వచ్చినామెకు ఏ గదిలో చీటీ రాస్తారో, ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటారో, వేడినీళ్లు ఎక్కడ దొరుకుతాయో, రాత్రి చెప్పులు తల కింద ఎందుకు పెట్టుకోవాలో చెబుతుంది. తర్వాత మెల్లగా ఇంకో రకం మాట వస్తుంది. ఇంటి దగ్గర ఎవరికీ చెప్పని మాట. ఆస్తి అమ్మిన సంగతి, కొడుకు రాని సంగతి, మనిషి దక్కడేమోనన్న భయం.

దగ్గరివాళ్ల దగ్గర దాచింది అపరిచితుడి ముందు ఎలా బయటికొస్తుంది? జర్మన్ సమాజ శాస్త్రవేత్త గియోర్గ్ జిమ్మెల్ 1908లోనే దీన్ని గమనించాడు. ఈరోజు వచ్చి రేపు పోయేవాణ్ని గురించి కాదు, వచ్చి నిలిచిపోయి కూడా పూర్తిగా కలవని పరాయి మనిషిని గురించి ఆయన రాశాడు. అలాంటివాడి ముందు జనం దగ్గరివాళ్లకు కూడా చెప్పని గుట్టు విప్పుతారన్నాడు. వరండాలో తగిలిన మనిషి విషయంలో కారణం ఇంకా తేట. ఆమె చెప్పింది వింటుంది, ఊళ్లోకి మోసుకుపోదు. చుట్టాల దగ్గర ఏడిస్తే ఆ ఏడుపు పెళ్లి సంబంధాల దాకా పోతుంది. వరండాలో ఏడిస్తే అక్కడే ఆరిపోతుంది. 2000లో డెన్మార్కులో మనుషులనే పుస్తకాల్లా అరువిచ్చే గ్రంథాలయం ఒకటి మొదలై చాలా దేశాలకు పాకింది. కాసేపు ఎదురుగా కూర్చుని ఆ మనిషి కథ వినవచ్చు, ప్రశ్నలు అడగవచ్చు. మంచి ఆలోచనే. అయితే పెద్దాసుపత్రి చెట్టు కింద సభ్యత్వ కార్డు లేకుండా ఈ పని ఎప్పటినుంచో నడుస్తోంది.

ఈ బడిలో అందరికీ ఒకే బల్ల దొరకదు. ‘ఏ ఊరు మీది’ తర్వాత కొందరు వేసే రెండో ప్రశ్న ‘మీరేమిట్లు?’ కులం అడిగే తీరు అది. ఊళ్లో అడగాల్సిన పని లేదు, తెలుసు. నగరంలో అడగాల్సి వస్తుంది, జవాబు చెప్పకుండా దాటేయడానికీ వీలుంటుంది. రెండు గ్లాసుల టీ కొట్లు చూసిన తరానికి, ఎవరు తాగిన గ్లాసో ఎవరూ పట్టించుకోని నగరపు కొట్టు మామూలు చోటు కాదు. ఆ గ్లాసు పట్టుకుని మాట్లాడిన మాటకు బరువెక్కువ. అదే నగరంలో అద్దె ఇల్లు వెతికేటప్పుడు మళ్లీ ఆ ప్రశ్నే గుమ్మం దగ్గర ఎదురవుతుంది.

ఆడవాళ్లకు ఇంకో అడ్డు ఉంది. బస్టాండులో మగవాడు ఎవరితోనైనా మాట కలిపితే కాలక్షేపం. ఆడమనిషి కలిపితే పదిమంది చూస్తారు. అందుకే వాళ్ల మాటలు ఎక్కువగా ఆడవాళ్ల మధ్యే, అదీ పక్కపక్క సీట్లలో నడుస్తాయి. మిర్చి కోతలకు పశ్చిమ ప్రకాశం నుంచి, కర్నూలు జిల్లా కోసిగి వైపు నుంచి ముఠాలు గుంటూరు, పల్నాడు చేలకు వస్తాయి. ఈ ఆడవాళ్లు ఒకరికొకరు తగిలేది బస్టాండుల్లోనే. కోతకు కిలోకు ఎంత, కిరాయి ఎవరు పెట్టుకున్నారు, మేస్త్రి ఎంత పట్టుకున్నాడు అన్నది అక్కడే సరిచూసుకుంటారు. వలస పోయినవాళ్ల పిల్లల కోసం ఊళ్లో సీజనల్ హాస్టలు పెడతారన్న సంగతి కూడా అలాగే చేతులు మారుతుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణం వచ్చింది. టికెట్ డబ్బు మిగలడం ఒకటైతే, వెంట మగవాడు లేకుండా బయలుదేరే ప్రయాణాలు పెరగడం ఇంకొకటి. ఈ రెండోది లెక్కల్లో కనపడదు, పక్క సీటులో వినపడుతుంది.

అపరిచితుడి మాటకు చెడ్డ పక్కా ఉంది. బస్టాండులో బిస్కెట్ పెట్టి మత్తులో ముంచే రకం, ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బు కట్టించుకుని ఫోన్ ఆపేసే రకం, దొరికిన బంగారమని ఇత్తడి అమ్మే రకం ఎప్పుడూ ఉన్నాయి. వాళ్లూ ‘అన్నా’ అనే పిలుస్తారు. తేడా ఒక్కచోట పట్టిస్తుంది. మామూలు మనిషి మాట చెప్పి ఊరుకుంటాడు, మోసగాడు తొందరపెడతాడు. ఇప్పుడే తేల్చు, ఇంకెవరికీ చెప్పకు అంటాడు.

మోసం లేని మాటలో కూడా ఒక ఇబ్బంది ఉంది, అది బోరు వేసినవాళ్లకు వెంటనే తెలుస్తుంది. ఫలానా చోట ఏడొందల అడుగులకు నీళ్లు పడ్డాయి, మీరూ దింపండి అని బస్సులో ఒకాయన చెబుతాడు. ఆయనకు పడ్డ మాట నిజం. ఆయన భూమి కింది రాతి పగులు మాత్రం పుల్లలచెరువు చేను కిందికి రాదు. ఒక్కడి అనుభవం ఒక్క బోరు లాంటిది. పది బోర్ల సంగతి విన్నవాడు జాగ్రత్తపడతాడు, ఒక్కటి విన్నవాడు అప్పు చేస్తాడు. పైగా నీళ్లు పడ్డవాడు బస్సంతా వినేలా చెబుతాడు, పడనివాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాడు. అందుకే నగరంలో విన్న కబుర్లలో గెలిచినవాళ్ల కథలే ఎక్కువ. ఆసుపత్రి వరండా, అడ్డా ఇందుకు మినహాయింపు. అక్కడ ఓడినవాళ్లూ మాట్లాడతారు.

ఇటీవల పక్క సీటు చెవులకు ఇయర్‌ఫోన్లు ఎక్కాయి. గుంటూరు నుంచి మార్కాపురం రోడ్డు దాకా ప్యాసింజరు రైల్లో ఒకప్పుడు వినుకొండ దాటేసరికి పెట్టెలో సగం మంది సంగతులు సగం మందికి తెలిసేవి. ఇప్పుడు ఎవరి తెర వాళ్లది. మాట కలిపితే ఎదుటివాడు విసుక్కుంటాడేమోనన్న జంకు కూడా పెరిగింది. ఆ జంకులో నిజం ఎంతో నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ షికాగోలో రైళ్లలో, బస్సుల్లో తిరిగేవాళ్ల మీద పరీక్షించి 2014లో ప్రచురించారు. అపరిచితుడితో మాట్లాడితే ప్రయాణం ఎలా ఉంటుందని అడిగితే, ఒంటరిగా కూర్చోవడమే హాయి అని జనం ఊహించారు. నిజంగా మాట్లాడమని పంపినవాళ్లు మాత్రం, మాట్లాడకుండా కూర్చున్నవాళ్ల కంటే ప్రయాణం హాయిగా సాగిందన్నారు. పక్కపక్కన కూర్చున్న ఇద్దరూ ఎదుటివాడికి ఇష్టం ఉండదేమోనని ఊరుకుంటారు. షికాగో సంగతి అలా ఉంచితే, గుంటూరు రైల్లో ఈ మౌనాన్ని తెంచేది ఇప్పటికీ మరమరాల బుట్ట. అమ్మేవాడు వచ్చి నిలబడితే ఇయర్‌ఫోన్ ఒకటైనా ఊడుతుంది.

నగరంలో విన్న మాట చివరికి ఊరికే చేరుతుంది. పుల్లలచెరువులో సాయంత్రం నలుగురు చేరిన చోట దాన్ని చెప్పే తీరులో ఒక ముద్ర ఉంటుంది. గుంటూరులో ఒకాయన చెప్పాడు. హైదరాబాదులో ఒకామె అంది. పేరు ఉండదు, అడిగితే గుర్తుండదు. ఊరు మాత్రం గుర్తుంటుంది, ఎందుకంటే మొదట అడిగింది అదే. నంద్యాలవైపు ఆయన, కోసిగి ఆమె, పాలమూరు మేస్త్రి. విన్నవాళ్లు కాసేపు వాదిస్తారు. ఇక్కడ అలా కుదరదంటాడొకడు, చేసి చూద్దామంటాడు ఇంకొకడు. చేస్తే కుదిరినది నాలుగైదేళ్లకు ఊరి పద్ధతి అయిపోతుంది, ‘ఒకాయన’ కూడా మాటలోంచి రాలిపోతాడు. నంద్యాలవైపు ఎక్కడో తన కల్లంలో కాయలు ఎండబోసుకుంటున్న ఆ మనిషికి, పుల్లలచెరువు పిల్లలు మిరపకాయను చెవి దగ్గర పెట్టి ఊపుతున్నారని ఎప్పటికీ తెలియదు.